ఇన్‌కన్సోలబుల్ పోస్టులో సుభాషిణి

భర్త పోయిన పదకొండో రోజున, పెద్దకర్మ వంటలు ఇంకా పొయ్యిల మీద ఉడుకుతుండగానే, పాలడుగు సుభాషిణిని 'ఇన్‌కన్సోలబుల్' అనే ఇంగ్లీషు మాటకి ఉదాహరణగా నియమిస్తూ కారుమూరిపేట పురపాలక సంఘం పదసంపద విభాగం నుంచి ఉత్తర్వు వచ్చింది. తెచ్చినాయన వాక్యాల ఇన్‌స్పెక్టరు శోభనాద్రి. ఆయన చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని, భోజనాల వేళకి వచ్చినందుకు నొచ్చుకుని, పోయినాయన రఘురామయ్య ఫొటోకి దండం పెట్టి, ఆ తర్వాతే కవరు తీశాడు.

వచ్చిన బంధువుల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కారుమూరిపేట కోచింగ్ సెంటర్ల ఊరు. బ్యాంకు పరీక్షలకీ, పై దేశాల ప్రవేశ పరీక్షలకీ తయారయ్యే పిల్లలు ఊరి జనాభాకి రెట్టింపు ఉంటారు. వాళ్లందరికీ పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు కావాలి. ఒకప్పుడు మాట, దాని కింద అర్థం, దాని కింద ఒక ఉదాహరణ వాక్యం వేసి పుస్తకం అచ్చేస్తే సరిపోయేది. ఆ వాక్యాల్లో ఎప్పుడూ జాన్ అనే ఒకాయన ఉండేవాడు. జాన్ ఒక పేజీలో పిసినారి, తర్వాతి పేజీలో దానకర్ణుడు, మూడో పేజీలో పిరికివాడు. మార్కులు తగ్గిన ఒక కుర్రాడి తండ్రి, ఈ జాన్ ఎవరో, ఏ ఊరివాడో, ఒక్క మనిషి ఇన్ని గుణాలతో కాపురం ఎలా చేస్తున్నాడో తేల్చమని కోర్టుకెక్కాడు. ఉదాహరణ అంటే సాక్ష్యమేననీ, మనిషి లేని సాక్ష్యం దొంగసాక్ష్యమనీ తీర్పు వచ్చింది. అప్పటినుంచి పుస్తకంలోని ప్రతి మాటకీ ఊళ్లో ఒక బతికున్న మనిషిని డోరు నంబరుతో సహా చూపించడం పురపాలక సంఘం బాధ్యత అయింది. మంచినీళ్లు, వీధి దీపాల తర్వాత ఇది మూడో బాధ్యత. మొదటి రెండూ అంత సక్రమంగా జరిగేవి కావు.

మెయిన్ బజారులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయన, కాలం చెల్లినది అనే 'ఆబ్సొలీట్'కి ఉదాహరణ. నేర్చుకోవడానికి ఒక్కరూ రాకపోయినా రోజూ షట్టరు ఎత్తి, మిషన్ల మీద దుమ్ము దులిపి కూర్చోవాలి. దుమ్ము మరీ శుభ్రంగా దులపకూడదు. తేలిగ్గా మోసపోయేవాడు అనే అర్థంలో 'గల్లిబుల్' అయిన ఒక రిటైర్డు మేష్టారు ఏటా ఏదో ఒక చిట్టీల కంపెనీలో మునిగి తీరాలి. కంపెనీని విభాగమే చూసిపెట్టేది. పనులు వాయిదా వెయ్యడమనే 'ప్రోక్రాస్టినేట్'కి నియమితుడైనాయన ఇంతవరకు విధుల్లో చేరనే లేదు. అందుకని ఉత్తమ ఉదాహరణ బహుమతి ప్రతిసారీ ఆయనకే వస్తుంది. ఆయన దాన్ని కూడా ఇంకా తీసుకెళ్లలేదు. 'మాగ్నానిమస్' అంటే ఉదార హృదయుడు. అర్హులెవరూ దరఖాస్తు చెయ్యక ఆ పోస్టుని కమిషనరు గారే అదనపు బాధ్యతగా చూస్తున్నారు.

శోభనాద్రి కళ్లజోడు పెట్టుకుని ఉత్తర్వులోని వాక్యం చదివాడు. "సుభాషిణి వాజ్ ఇన్‌కన్సోలబుల్ ఆఫ్టర్ హర్ హజ్బెండ్స్ డెత్." చదివి, మర్యాదగా అర్థం కూడా చెప్పాడు. "ఎంత ఓదార్చినా ఊరట పొందని అని అమ్మా. మంచి మాట. మూడు పరీక్షల్లో వచ్చింది."

సుభాషిణి ఆడపడుచు హైమవతి కళ్లు ఒత్తుకుంది. రఘురామయ్యకి అక్క ఆవిడ. "పోయినా గూడ ఇంటికి పేరు తెచ్చే పోయాడు మావోడు" అంది చుట్టూ ఉన్నవాళ్లతో.

సుభాషిణి ఒక్కటే అడిగింది. "ఎన్నాళ్లండీ?"

"అర్థంలో గడువేమీ ఇవ్వలేదమ్మా" అన్నాడు శోభనాద్రి.

విధులు కష్టమైనవేం కావు. పొద్దున క్లాసులకి ముందు, సాయంత్రం క్లాసులయ్యాక, వీధి కిటికీ దగ్గర పిల్లలకి కనపడేట్టు కూర్చోవాలి. లేత రంగులే కట్టుకోవాలి. ఊరు విడిచి వెళ్లాలంటే తన బదులు మరొకరిని చూపించాలి. ఓదార్చడానికి విభాగం పంపేవాళ్లని ఆపకూడదు. ఓదారిస్తేనే గదా ఊరట కలగలేదని తేలేది. ఫలించకూడదు, అంతే. వారానికోసారి విభాగం తరఫున ఒక ఓదార్పు ఉద్యోగి వచ్చి, అరుగు మీద కూర్చుని, "పోయినోళ్లతో మనమూ పోతామా తల్లీ, మనసు రాయి చేసుకోవాలి" అని చెప్పి, ప్రయత్నం విఫలమైనట్టు సంతకం పెట్టి, మజ్జిగ తాగి వెళ్లేవాడు.

మొదట్లో సుభాషిణికి ఇదేదీ పట్టలేదు. రఘురామయ్య పురుగుమందుల కంపెనీకి ఊరూరా తిరిగే ప్రతినిధి. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కాలకి మందు వాసన పోయేది కాదు. మంగలి షాపులో కుర్చీలో కూర్చునే ప్రాణం విడిచాడు. ఇంటికి తెచ్చేసరికి ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బునురగ ఎండిపోయి ఉంది. ఆ రెండో చెంప గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి దుఃఖం ఆగేది కాదు. బీరువా తీస్తే చొక్కాల వాసన, మూస్తే ఆ చెంప. పిల్లల్లేరు. వేరే ఇళ్లల్లో అయితే మూడో నెలకల్లా ఇంక ఊరుకోవమ్మా అంటారు. ఇక్కడ ఆ మాట అనే హక్కు ఒక్క ప్రభుత్వోద్యోగికే ఉంది, అదీ ఫలించకూడదన్న షరతు మీద. ఏడవడానికి ఇంత సౌకర్యం ఉన్న మనిషి తనొక్కతేనేమో అని కూడా అనుకుంది.

కిటికీ బయట పిల్లలు బారులు తీరేవారు. మాట, భాషాభాగం, అర్థం పైకి అనుకుంటూ ఆవిడ మొహంలోకి చూసి, మళ్లీ పుస్తకంలోకి చూసి, సరిపోయిందని టిక్కు పెట్టుకునేవారు.

"ఆంటీ, కొంచెం ఇటు తిరిగి ఏడుస్తారా? ఎనకాలోళ్లకి కనపట్టల్లా" అనేవాడు ఒకడు.

ఒక పిల్ల చాలాసేపు చూసి సందేహం అడిగింది. "ఆంటీ, ఇది ఇన్‌కన్సోలబులేనా, ఆశ వదులుకున్న డెస్పాండెంటా?"

"నాకు తెలీదమ్మా. మీ సారునడుగు."

"సారే మిమ్మల్ని చూసి తెలుసుకు రమ్మన్నాడు ఆంటీ."

ఆ పిల్ల తన మొహంలో ఏం చూసి ఏం తేల్చుకుందో సుభాషిణికి తెలియలేదు గానీ, ఆ నిమిషంలో తను రఘురామయ్య గురించి కాక, సందేహం తీరకుండా వెళ్తున్న ఆ పిల్ల గురించి ఆలోచించినట్టు తర్వాత గమనించింది. అదే మొదలు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం వంకాయ కూర రుచిగా ఉందనిపించింది. అనిపించిన మరుక్షణమే భయమేసింది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఎంత పిలిచినా కన్నీళ్లు రాలేదు. నురగ ఎండిన చెంపని తలుచుకుంది. ఆ చెంప కనపడింది, మనసులో ఏదో కలుక్కుమంది, కానీ నీళ్లు రాలేదు. నిన్నటిదాకా ఈడ్చుకుపోయే ఏరు, ఇవాళ మోకాటి లోతున నిలబడి ఉంది. పక్కింటి మస్తాన్‌బీకి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మస్తాన్‌బీ జాకెట్లు కుట్టేది. ఆవిడ ఏ మాటకీ ఉదాహరణ కాదు. ఊళ్లో సగం మంది కారు; వాళ్ల బతుకులకి సరిపడే మాటలు ఆ పుస్తకంలో లేవు. "తగ్గితే తగ్గిందిలే అక్కా. జొరం తగ్గితే ఎవురన్నా ఏడుస్తారా?" అంది నోట్లో దారం తెంపుతూ. "ముందు ఆ స్కూటరు సంగతి చూడు. వానకి నాని తుప్పు పట్టిపోతంది. నువ్వే నేర్చుకోరాదూ? లైనింగు గుడ్డకి గుంటూరు పోవాలంటే బస్సులో నా పానం పోతంది."

రఘురామయ్య స్కూటరు సందులో పట్టా కింద పడి ఉంది. హైమవతి దాన్ని తన కొడుక్కి అడిగింది. ఇస్తానని సుభాషిణి అనలేదు, ఇవ్వననీ అనలేదు. మర్నాడు పట్టా తీసి తుడిచింది. మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో, కిటికీ డ్యూటీకి ముందు, ఇద్దరూ మొదలుపెట్టారు. మస్తాన్‌బీకీ నడపడం రాదు. కానీ వెనక నుంచి పట్టుకుని "బ్రేకు, బ్రేకు" అని అరవడం బాగా వచ్చు.

మూడో వారం అనుకుంటా, ఆ బ్రేకు అందలేదు. స్కూటరు తిన్నగా వెళ్లి ఎవరో ఆరబోసిన మిరపకాయల రాశిలో దిగబడింది. ముందు సుభాషిణి తుమ్మింది, తర్వాత మస్తాన్‌బీ తుమ్మింది, కాపలా ఉన్న ముసలాయన తిట్టబోయి తనూ తుమ్మాడు. ముగ్గురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. సుభాషిణికి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, మిరపకాయల మీదే కూలబడి, కళ్లవెంట ముక్కువెంట నీళ్లు కారుతుండగా నవ్వింది. తనకి అంత నవ్వు మిగిలి ఉందని ఆవిడకే తెలియదు.

అదే దారిన పరిగెత్తుతున్న హాస్టలు పిల్లలు నిలబడిపోయి చూశారు.

ఆ నెల మాదిరి పరీక్షలో ఇన్‌కన్సోలబుల్ వచ్చింది. ఒక కుర్రాడు దానికి 'నవ్వు ఆపుకోలేక ఏడ్చే' అని అర్థం రాశాడు. ఇంకో పిల్ల 'మిరపకాయల మీద కూర్చున్న' అని రాసింది. ఇద్దరికీ మార్కులు పోయాయి. తల్లిదండ్రుల సంఘం పురపాలక కార్యాలయం ముందు బైఠాయించింది. లక్షలు పోసి చదివిస్తుంటే ఉదాహరణలు ఇంత బాధ్యత లేకుండా ఉంటే ఎట్టా అని ఒక తండ్రి మైకులో అడిగాడు. అడుగుతూ ఏడ్చాడు. సుభాషిణి కన్నా ఆయనే బాగా ఏడ్చాడని పక్కనున్నవాళ్లు అనుకున్నారు.

సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. విచారణ కమిషనరు గారి చాంబర్లోనే జరిగింది. ఆయన పక్కన ఒక గుమాస్తా, ఎదురుగా శోభనాద్రి.

"మీరు నవ్వారా అమ్మా?"

"నవ్వానండి."

శోభనాద్రి గొంతు సవరించుకున్నాడు. మంచివాడు, సాయం చెయ్యాలని చూశాడు. "ఆ సమయంలో ఆవిడ కళ్లల్లో నీళ్లున్నాయని పక్కింటావిడ చెప్పింది సార్. వాటిని లెక్కలోకి తీసుకుంటే..."

"అవి మిరపకాయల ఘాటుకండీ" అంది సుభాషిణి.

కమిషనరు గారికి కోపం రాలేదు. మాగ్నానిమస్ అదనపు బాధ్యత ఉన్న మనిషి. "మీవారంటే మీకు ఇష్టం లేదా?"

"ఇష్టమేనండి."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీనండి."

"మరి నవ్వు ఎట్టా వచ్చిందమ్మా?"

"రెండూ ఉన్నయ్యండి" అంది.

గుమాస్తా కలం ఆగిపోయింది. "రెండూ అని రాయడానికి గడి లేదు సార్" అన్నాడు.

సుభాషిణి కొంగు వేలికి చుట్టుకుంటూ, తను ముందే అనుకుని వచ్చిన మనవి బయటపెట్టింది. "ఈ మాటకి నేను పనికిరావట్లేదండి. దెబ్బ తిని తేరుకున్న మనిషి అనడానికి ఏదన్నా మాట ఉంటే అందులోకి మార్చండి."

"ఉందమ్మా, రెజిలియంట్" అన్నాడు శోభనాద్రి. "కానీ ఖాళీ లేదు. తుపానుకి గోడౌను రేకులెగిరిపోయినాక మూడంతస్తులు లేపిన సారా కాంట్రాక్టరు గారున్నారు అందులో. అయినా అది సాధారణంగా మగవాళ్లకీ, బ్యాంకులకీ వాడే మాట." ఆయన గొంతు తగ్గించాడు. "భర్త పోయిన ఆడవాళ్లకి పుస్తకంలో రెండే మాటలున్నాయమ్మా. ఒకటి మీరున్నది. రెండోది 'కాలస్'."

"అంటే ఏందండి?"

"దయాదాక్షిణ్యాలు లేని, రాతిగుండె గల."

"ఆ రెంటికీ మధ్యలో?"

"మధ్యలో సిలబస్ లేదమ్మా."

కమిషనరు గారు ఫైలు మూయడానికి చెయ్యి వేసి, ఆవిడ జవాబు కోసం ఆగారు. సుభాషిణికి గట్టిగా ఏదో అనాలనిపించింది. రఘురామయ్య సగం గడ్డం గురించి, వంకాయ కూర గురించి, ఒకే రోజున రెండూ మనిషికి ఎలా తగులుతాయో చెప్పాలనిపించింది. చెబితే గుమాస్తా ఏ గడిలో రాస్తాడని మానుకుంది.

"ఆ కాలస్‌లో స్కూటరు నడపొచ్చా అండీ?"

"నడిపి తీరాలమ్మా. వాక్యంలో స్కూటరు ఉంటుంది."

సుభాషిణి సంతకం పెట్టింది.

కొత్త వాక్యం ప్రకారం, భర్త స్కూటరు మీద షికారు తిరిగే సుభాషిణి కాలస్ మనిషి. కిటికీ డ్యూటీ లేదు. ముదురు రంగులు కట్టుకోవచ్చు, పొరుగూళ్లు పోవచ్చు, రోజుకి ఒక్కసారైనా వీధిలో వినపడేలా నవ్వాలి. ఏడుస్తూ మాత్రం ఊరి పొలిమేర లోపల ఎవరి కంటా పడకూడదు. ఆవిడ వెళ్తుంటే వీధిలోవాళ్లు ముక్కున వేలేసుకోవాలని విభాగం సర్క్యులర్ పంపింది. దానికి సర్క్యులర్ అవసరమే లేకపోయింది.

హైమవతికి ప్రతి శుక్రవారం సాయంత్రం, పిల్లల బృందం ముందు, మరదలిని తిట్టే పని అప్పగించారు. ఆవిడ గేటు దగ్గర నిలబడి, "మా తమ్ముడు పోయి నిండా రెండేళ్లు గాలేదు, రాతిగుండెది, పువ్వుల చీర కట్టుకుని ఊరేగతంది!" అని చేతులు తిప్పుతూ అరిచేది. పిల్లలు రాసుకుని వెళ్లిపోయాక గేటు తీసుకుని లోపలికొచ్చి, "కాస్త టీ పెట్టు సుభాషిణీ, గొంతు పోయింది" అనేది. సుభాషిణి టీ పెట్టేది. ఒకసారి టీ తాగుతూ, "నేనేదో పుస్తకం కోసం అంటన్నాలే, మనసులో పెట్టుకోమాక" అంది హైమవతి. గ్లాసు కింద పెట్టి, "అయినా ఆ పువ్వుల చీర అవసరమా?" అని కూడా అంది.

సుభాషిణీ మస్తాన్‌బీ నెలకోసారి గుంటూరు వెళ్లి లైనింగు గుడ్డ, దారాలు తెచ్చుకునేవారు. దారిలో ఇద్దరూ గట్టిగా మాట్లాడుకునేవారు. గాలికి సగం మాటలు ఎగిరిపోయేవి. ఆ దినాలు బాగుండేవి. కానీ ఒక పొద్దున వీధి చివర కొత్తగా తెరిచిన మంగలి షాపు ముందునుంచి వెళ్తూ, లోపల ఎవరో చెంపకి నురగ రాసుకుని కూర్చుని ఉండడం చూసింది. ఆ రెండో చెంప ఒక్కసారిగా కళ్లముందుకి వచ్చేసింది. అప్పటికే ముగ్గురు పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆవిడ వంకే చూస్తున్నారు. పెదవి బిగబట్టి, యాక్సిలేటరు తిప్పి, ఊరి పొలిమేరలో 'కారుమూరిపేట మీకు స్వాగతం' అని రాసి ఉన్న బోర్డు దాటి, తుమ్మచెట్ల కింద స్కూటరు ఆపి, కరువుతీరా ఏడ్చింది. పక్క పొలంలో మందు కొడుతున్న రైతు పంపు దించి, మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఏ ఊరమ్మా అని అడగలేదు, ఎవరు పోయారని అడగలేదు. నీళ్లు తాగి, మొహం కడుక్కుని, బోర్డు దగ్గరికి వచ్చాక ఒకసారి నవ్వి చూసుకుని, లోపలికి వచ్చింది.

ఖాళీ అయిన ఇన్‌కన్సోలబుల్ పోస్టు ఎక్కువ రోజులు ఖాళీగా లేదు. కరెంటు స్తంభం మీద షాకు కొట్టి పోయిన ఒక లైన్‌మన్ భార్యని అందులో నియమించారు. పేరు ప్రత్యూష. పట్టుమని పాతికేళ్లు లేవు. పాత పోస్టాఫీసు వీధిలో ఆ అమ్మాయి కిటికీ ముందు పిల్లల రద్దీ ఎక్కువగా ఉండేది. చిన్న వయసు గనక ఉదాహరణ మరింత బాగా గుర్తుంటోందని మేష్టార్లు చెప్పుకునేవారు. కాలస్‌లో ఉన్నవాళ్లు ఇన్‌కన్సోలబుల్ ఇంటికి వెళ్లకూడదు. రెండూ ఒకచోట కనపడితే పిల్లలు తికమకపడతారు. సుభాషిణి వెళ్లలేదు. కానీ ఆ వీధి గుండా వెళ్లొద్దని ఎవరూ అనలేదు.

ఒక సాయంత్రం ఆ దారినే వస్తుంటే రోడ్డు నిండా పిల్లలుండి స్కూటరు ఆపాల్సి వచ్చింది. వాళ్ల మేష్టారు అరుగెక్కి, చెప్పులు కింద విడిచి, మాటని ముక్కలు ముక్కలుగా పలికి చూపిస్తున్నాడు. ఇన్. కన్. సో. అంతలో వీధికుక్క ఒకటి తీరుబడిగా వచ్చి, ఆయన చెప్పు ఒకటి నోట కరుచుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. పిల్లల తలలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మేష్టారు కళ్లు మూసుకుని 'లబుల్' దగ్గరున్నాడు.

కిటికీలో ప్రత్యూష పెదవి ఒక పక్కకి వంగింది. చెంపలు పొంగాయి. ఇంక ఆగేట్టు లేదు.

సుభాషిణికి సంతోషం కలిగింది. ఆ సంతోషం ఇంకా పూర్తిగా రాకముందే ఆవిడ చెయ్యి దానంతటది హ్యాండిలు వదిలి పైకి లేచింది. పిల్లల తలల మీదుగా ఆ అమ్మాయి కళ్లల్లోకి చూస్తూ, తన పైట చెంగుని నోటికి అడ్డం పెట్టి చూపించింది. దాచుకో.

అమ్మాయికి వెంటనే అర్థమైంది. కొంగుతో మొహమంతా కప్పుకుని, తల కిటికీ ఊచలకి ఆనించి, భుజాలు కదిలిపోతుండగా వంగిపోయింది.

"చూడండి, చూడండి" అన్నాడు మేష్టారు కళ్లు తెరిచి. పిల్లలంతా తలలెత్తి చూసి గబగబా రాసుకున్నారు. ఆ ఏడాది ఆ మాటకి ఊళ్లో ఒక్కరికీ మార్కు పోలేదు.